అవ్వ మాట విన్న యంత్రము



పోయిన నెల ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఇక్కడ గుండ్లపోచంపల్లిలో మా వీధి చివర నుండే అవ్వ ఇంటికి వెళ్లాము. అవ్వకు డెబ్బది ఏండ్లు దాటినవి. చదువు రాదు. కాగితము మీద వేలిముద్ర వేయుటయే తెలుసు. కొడుకూ కోడలూ పని కోసము దూరదేశములో ఉన్నారు. ఇంటర్ చదివే మనవడు ఒక్కడే ఆమెకు తోడు.

మేము వెళ్లేసరికి మనవడు అవ్వకు కొత్త ఫోను నేర్పుచున్నాడు. తెర మీద ఉన్న మైకు బొమ్మను నొక్కి, "అవ్వా, ఇగ మాట్లాడు. నువ్వు చెప్పింది అదే రాస్తది" అన్నాడు. అవ్వ ఫోనును రెండు చేతులతో పట్టుకొని, "కొడుకా, పైలంగున్నవా? పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అని అడిగింది. ఫోను ఏదో రాసుకొన్నది. మనవడు చదివి పకపకా నవ్వినాడు. అందులో సగము మాటలు అవ్వ అన్నవి కావు.

అవ్వ ముఖము చిన్నబోయింది. "నా మాట దీనికి తెల్వది బిడ్డా. టీవీల మాట్లాడినట్టు మాట్లాడాలెనేమో" అని మాతో అని, గొంతు సవరించుకొని, "బాగున్నావా నాయనా? భోజనం చేశావా?" అన్నది. ఈసారి ఒక్క అక్షరము తప్పు పోలేదు. మనవడు చప్పట్లు కొట్టినాడు. అక్షరము రాని అవ్వ తన నోటితో ఉత్తరము రాసినందుకు మాకు సంతోషము కలిగింది. సొంత కొడుకుతో మాట్లాడుటకు ఆమె తన మాటను మార్చుకొనవలసి వచ్చినందుకు మనస్సు చివుక్కుమన్నది కూడా.

ఆ రాత్రి ఇంటిలో ఇదే మాట. యంత్రమునకు మనిషి మాట వినుట నేర్పినది ఎవరు? స్మార్ట్‌ఫోను అనగానే చాలామందికి స్టీవ్ జాబ్స్ పేరు గుర్తుకు వచ్చును. 2007లో ఐఫోనును లోకమునకు చూపినది ఆయనే. అయితే ఆ ఫోను మన మాట వినుటకు వెనుక ఉన్న కృషిలో పెద్ద భాగము మన తెలుగు నేల మీద, మట్టి రోడ్ల పల్లెలో పుట్టిన ఒక రైతు బిడ్డది. ఆయన పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకము ఆయనను రాజ్ రెడ్డి అని పిలుచును.

ఆయన 1937 జూన్ 13న అప్పటి మద్రాసు రాష్ట్రములోని చిత్తూరు జిల్లా కాటూరు గ్రామములో పుట్టారు. పలక, కాగితము దొరకని ఆ రోజులలో ఇసుకలో వేలితో అక్షరములు దిద్దినట్లు ఆయనే చెప్పుకొన్నారు. వారి కుటుంబములో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటివాడు ఆయనే. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కాలేజీలో 1958లో పట్టము పొందారు. అది కంప్యూటరు చదువు కాదు, కట్టడములు కట్టే సివిల్ ఇంజనీరింగు. తరువాత ఆస్ట్రేలియాలో 1960లో ఎం.టెక్. ముగించి, అక్కడే ఐ.బి.ఎం. సంస్థలో పని చేసి, అమెరికా చేరి 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందారు. అక్కడ ఆయన గురువు జాన్ మెకార్తీ. ఈనాడు అందరి నోట వినబడే కృత్రిమ మేధ అనే శాస్త్రమునకు ఆంగ్లములో పేరు పెట్టినది ఆ మెకార్తీయే.

1969లో రాజ్ రెడ్డి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లి, అక్కడే తన జీవితకాలపు పని చేశారు. ఆ పని చెప్పుటకు సులువు, చేయుటకు బహు కష్టము. మనిషి ఆపకుండా మాట్లాడుచుండగా యంత్రము ఆ మాటలను గుర్తుపట్టవలెను.

ఎందుకు కష్టమో మన ఇంటి మాటలతోనే చూడండి. కాగితము మీద రాసేటప్పుడు మాటకూ మాటకూ నడుమ ఖాళీ వదలుదుము. నోటితో మాట్లాడేటప్పుడు వదలము. "వస్తానన్నాడు" అన్నప్పుడు "వస్తాను", "అన్నాడు" అనే రెండు మాటలు ఒకటైపోయినవి. "కల", "కళ" అనే మాటలను చాలామంది ఒకే తీరున పలుకుదురు. రాత్రి వచ్చినది కల అనీ, ముఖములో తప్పినది కళ అనీ మనకు సందర్భమును బట్టి తెలియును. యంత్రమునకు చేరునది గాలిలోని శబ్దము మాత్రమే. అది ఆ శబ్దమును సెకనులో నూరవ వంతు చొప్పున ముక్కలు చేసి, ఇది ఏ ధ్వని, ఈ ధ్వనులు కలిసి ఏ మాట, ఈ మాట పక్కన ఏ మాట రాదగును అని ఊహించుకొంటూ పోవలెను.

రాజ్ రెడ్డి, ఆయన తోటివారు 1970ల తొలి సంవత్సరములలో హియర్‌సే అనే ఏర్పాటును చేశారు. ఆపకుండా మాట్లాడే మాటను గుర్తుపట్టిన తొలి యంత్రములలో అది ఒకటి. దానికి నోటితో ఎత్తు చెప్పి చదరంగము ఆడించారు. దాని తరువాత వచ్చిన హియర్‌సే-2 పని తీరు మన రచ్చబండ వంటిది. ధ్వనులు తెలిసిన భాగము ఒకటి, మాటలు తెలిసినది ఒకటి, వాక్యము తెలిసినది ఒకటి. అవన్నీ ఒకే నల్లబల్ల మీద తమ తమ ఊహలను రాసి, ఒకదాని రాత ఒకటి చూచుకొని సరిదిద్దుకొనును. నలుగురు పెద్దలు కూర్చుండి తగవు తేల్చినట్లే.

1976 నాటికి ఆయన శిష్యుడు బ్రూస్ లోవెర్ హార్పీ అనే మరియొక ఏర్పాటును సిద్ధము చేశారు. దానికి తెలిసిన మాటలు 1,011 మాత్రమే. అయితే అందులో ఒక మంచి ఉపాయము ఉన్నది. మేక తప్పిపోయినప్పుడు మనము ఊరి దారులన్నీ వెదకము. అడుగుల జాడ కనబడిన నాలుగు దారులను పట్టుకొని, మిగిలినవి విడిచిపెట్టుదుము. హార్పీ కూడ ప్రతి అడుగులోను నిజము కాదగిన కొన్ని ఊహలనే ఉంచుకొని, తక్కినవి వదలివేసెడిది. యంత్రములు ఎంతగానో మారినవి గాని, ఈ ఉపాయము నేటికీ మాటలను గుర్తుపట్టుటలోను, ఒక భాషను మరియొక భాషలోనికి మార్చుటలోను వాడుకలో ఉన్నది.

గురువు గొప్పతనము ఆయన చేసిన యంత్రములలోకంటే ఆయన తయారుచేసిన శిష్యులలో ఎక్కువగా కనబడునని మాకు తోచుచున్నది. రాజ్ రెడ్డి దగ్గర చదివిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ అనే దంపతులు 1982లో డ్రాగన్ అనే కంపెనీ పెట్టి, 1997లో మామూలు కంప్యూటరు ముందు కూర్చుండి మాట్లాడితే అక్షరములుగా మార్చే సాధనమును అమ్మకమునకు తెచ్చారు. ఆ కంపెనీ విద్య చేతులు మారి చివరకు న్యూయాన్స్ అనే సంస్థను చేరింది. 2011 అక్టోబరులో ఆపిల్ సంస్థ ఐఫోను 4ఎస్‌లో సిరిని విడుదల చేసినప్పుడు, మాటను అక్షరముగా మార్చే పని ఆ న్యూయాన్స్‌దే. మరియొక శిష్యుడు కై-ఫూ లీ 1990లో ఆపిల్‌లో చేరారు. అదే విశ్వవిద్యాలయములో పని చేసిన షూడాంగ్ హువాంగ్ 1993లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి అక్కడ మాటల విభాగమును మొదలుపెట్టారు.

ఈ కై-ఫూ లీ సంగతి ప్రతి తల్లీ తండ్రీ వినదగినది. పండితులకు తెలిసిన భాషా నియమములను యంత్రమునకు నేర్పుట రాజ్ రెడ్డి నమ్మిన మార్గము. అట్లు కాదు, వేలకొలది మాటలను వినిపించి, లెక్కల ద్వారా యంత్రమే నేర్చుకొనునట్లు చేయవలెనని శిష్యుడు తలచాడు. గురువు తనకు ఆ మార్గము మీద నమ్మకము లేదని చెప్పారు. అయినను నీ ప్రయత్నమునకు నేను తోడుందునని చెప్పి, కావలసిన సాధనములు ఇప్పించారు. 1988లో లీ తన స్ఫింక్స్‌ను నిలబెట్టినాడు. ఎవరు మాట్లాడినను, వారి గొంతుకు ముందుగా అలవాటు పడకుండానే అది మాటలు గుర్తుపట్టింది. ఆ లెక్కల మార్గమే తరువాత రాజమార్గమైనది. మన పిల్లలు మన అభిప్రాయమునకు భిన్నమైన చదువునో పనినో ఎంచుకొన్నప్పుడు, "నాకు నమ్మకము లేదు, అయినను నీకు తోడుందును" అని ఎందరము అనగలము?

1994లో రాజ్ రెడ్డికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ట్యూరింగ్ పురస్కారము ఇచ్చారు. కంప్యూటరు శాస్త్రములో అంతకు మించిన గౌరవము లేదు. ఆసియా సంతతివారిలో దానిని మొదట అందుకొన్నది ఆయనే. 2001లో భారత ప్రభుత్వము పద్మభూషణ్ ఇచ్చింది.

బిరుదులకంటే మాకు ముఖ్యముగా కనబడినది ఆయన పట్టుదల. చదువు రానివాని చేతిలోని యంత్రము పండితుని యంత్రముకంటే ఎక్కువ శక్తి గలదై ఉండవలెనని ఆయన వాదించారు. పండితుడు చదివి తెలిసికొనును, చదువు రానివానికి యంత్రమే వినవలెను, చెప్పవలెను గనుక. పల్లెవాసుల కోసము కంప్యూటరు, టీవీ, ఫోను మూడూ ఒకటిగా ఉండే పెట్టెను 2004 ప్రాంతములో ఆయన తలపెట్టారు. ఆ పెట్టె ఇంటింటికీ రాలేదు. అయితే ఆ మూడు పనులూ చేసే ఫోను ఇప్పుడు మన అవ్వ కొంగుముడిలో ఉన్నది. పల్లె పిల్లల కోసము 2008లో ఏర్పడి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో నడిచిన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి కులపతి ఆయనే. మన గచ్చిబౌలిలో 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీ పాలకమండలికి కూడ ఆయన అధ్యక్షత వహించారు.

అయితే మన అవ్వ మాట ఫోనుకు ఎందుకు అందలేదు? గూగుల్ వారు తెలుగులో మాట్లాడి రాసే వీలు 2017 ఆగస్టులో కల్పించారు. యంత్రము తాను విన్న మాటలనే నేర్చుకొనును. వార్తలు చదివేవారి మాట, పుస్తకపు మాట ఎక్కువ విన్నది, మేడ్చల్ అవ్వల మాట తక్కువ విన్నది. తప్పు అవ్వ నాలుకది కాదు, యంత్రమునకు చెప్పిన పాఠము చాలలేదు. ఇప్పుడు ఆ లోటు తీర్చుటకు ప్రయత్నములు జరుగుచున్నవి. 2022లో కేంద్ర ప్రభుత్వము భాషిణి అనే కార్యక్రమమును ఆరంభించి, మన దేశభాషల మాటలను సేకరింపజేయుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము తెలంగాణలో ఏడేండ్లు దాటిన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి చదువను రాయను రాదు. వారి యాస యంత్రమునకు రాకపోతే, ఎవరి కోసము ఆ పెద్దాయన అంత కష్టపడ్డారో వారికే తలుపు మూసినట్లగును.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. రెండేండ్ల క్రిందట అవ్వ తన ఫోనుకు వచ్చిన సందేశమును చదివిపెట్టమని మా ఇంటికి వచ్చింది. మేము వరండాలో నలుగురి మధ్య కూర్చుండి, తొందరలో దానిని గట్టిగా చదివేశాము. అది కోడలు రాసినది. ఇంటి గుట్టు అందులో ఉన్నది. అవ్వ ఏమీ అనలేదు. ఫోను తీసుకొని వెళ్లిపోయింది. నెల దాటినా మా గడప తొక్కలేదు. చదువు రానివారికి రహస్యము కూడ ఉండదని, వారి ప్రతి ఉత్తరమునకు పొరుగువాడు సాక్షి అని ఆనాడు మాకు తెలిసింది.

కాబట్టి ఈ నెల మీ ఇంటిలో ఒక పని చేయవలెనని మా మనవి. రోజుకు పది నిమిషములు పెద్దల పక్కన కూర్చుండి, మాట్లాడి రాయించుటయు, వచ్చిన సందేశమును ఫోను చేతనే చదివించుకొని వినుటయు నేర్పండి. తప్పు రాసినప్పుడు నవ్వకండి. అక్షరములు కుదరకపోతే, గొంతునే సందేశముగా పంపుట చూపండి. అందులో యాస మారనక్కర లేదు. పాత ముచ్చట్లను వారి మాటలోనే రికార్డు చేసి ఉంచండి.

ఒక హెచ్చరిక కూడ. వినే యంత్రము వచ్చినట్లే, మన వారి గొంతును అనుకరించే మోసమూ వచ్చింది. కొడుకు గొంతే వినిపించి "అమ్మా, అర్జంటుగా పైసలు పంపు" అన్నను, ముందు ఫోను పెట్టేసి, మీకు తెలిసిన అతని నంబరుకు మీరే చేయండి. ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పవద్దు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు చెప్పండి.

మొన్న బుధవారము మళ్లీ అవ్వ ఇంటికి వెళ్లాము. మనవడు ఆమె గొంతును రికార్డు చేసి పంపించుచున్నాడు. "కొడుకా, పైలంగుండు" అన్న మాట ఉన్నదున్నట్లు వెళ్లింది. కొంతసేపటికి కోడలి దగ్గరనుండి రాతలో జవాబు వచ్చింది. మేము అలవాటుగా చేయి చాపబోయి ఆగినాము. అవ్వ మా వైపు చూచి, "కూసోండ్రి బిడ్డా, ఇప్పుడే అస్త" అని, ఫోను చెవి దగ్గర పెట్టుకొని లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకొన్నది.

అందులో ఏమి రాసి ఉన్నదో మాకు తెలియదు. బయటకు వచ్చినప్పుడు అవ్వ నవ్వుచున్నది. మాకు అంతే చాలు.