కాట్నిస్‌కి ఎవరూ చెప్పలేదు

సుజాన్ కాలిన్స్ ‘హంగర్ గేమ్స్’ వరుసలో రెండో నవల ‘క్యాచింగ్ ఫైర్’ 2009లో వచ్చింది. కాట్నిస్‌కి పీటా తగినవాడా, గేల్ తగినవాడా అని పాఠకులు రెండు జట్లుగా చీలి వాదించుకున్నారు. ఆ వాదన మీదే నా అభ్యంతరం.

నవలలో ఆమె మనసు ఎవరి మీదుందో ఆరా తీసేది ఎవరు? నియంత స్నో. ఇంటికే వచ్చి బెదిరిస్తాడు: నువ్వు చేసింది ధిక్కారం కాదు, ప్రేమ పిచ్చి అని జనాన్ని నమ్మించమంటాడు. ధిక్కరించే ఆడపిల్ల వల్లే రాజ్యానికి ముప్పు, ప్రేమలో పడ్డ ఆడపిల్ల వల్ల కాదు. ఇక ఆమె పెళ్లి ప్రభుత్వ వ్యవహారమైపోతుంది. పెళ్లి గౌన్లకు కూడా రాజధాని జనం ఓట్లు వేస్తారు.

తిరుగుబాటుదారులు మాత్రం ఏం చేశారు? ఆమె పెట్టుకున్న బిళ్ల మీది పక్షిని తమ గుర్తు చేసుకున్నారు. 75వ క్రీడల్లో బరిలోకి దిగిన 24 మందిలో సుమారు సగం మందికి ఆమెను బయటికి తప్పించే పథకం ఎంతో కొంత తెలుసు. ఆమెకి తెలియదు. చెబితే ప్రమాదమట! ఈ సంజాయిషీ మనం ఎన్ని ఉద్యమాల్లో వినలేదు? పీటాకీ చెప్పలేదు కదా, జొహానాకు చెప్పారు కదా అంటారు కొందరు. నిజమే. కానీ ఉద్యమ చిహ్నంగా నిలబెట్టింది వాళ్లిద్దరినీ కాదు.

మనమూ బాధితురాలిని వేదిక ఎక్కించి మాట్లాడిస్తాం. ఆమె కేసు ఎలా నడపాలో తేల్చే సమావేశానికి ఆమెని పిలుస్తున్నామా?