పేరు లేని గొంతు

మనిషిని మనిషి గుర్తు పట్టడానికి ముఖము, పేరు, గొంతు అని మూడు ఆనవాళ్ళున్నాయి. లోకం ముఖానికి పటం కట్టింది, పేరుకు శిలాఫలకం వేసింది. గొంతు మాత్రం గాలిలో పుట్టి గాలిలో కలిసిపోయేది గనుక దానికి ఏ గౌరవమూ అక్కరలేదని తలచింది. ఈ తలంపు న్యాయమైనది కాదని మా అభిప్రాయం. అందుకు దృష్టాంతంగా, అమెరికాలో ఎనిమిది దశాబ్దాలకు పైగా గొంతునే జీవనాధారం చేసుకొన్న జూన్ ఫోరే అనే కళాకారిణి చరిత్రను విద్యార్థినీ విద్యార్థుల ముందు ఉంచదలచాము.

జూన్ ఫోరే 1917లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో జన్మించారు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే రేడియో నాటకంలో పాత్ర ధరించారు. తరువాత లాస్ ఏంజిలిస్ చేరి, రేడియో నుండి బొమ్మల చిత్రాలకు వచ్చారు. 1950లో డిస్నీ సంస్థ వెలువరించిన 'సిండరెల్లా' చిత్రంలో లూసిఫర్ అనే పిల్లికి ఆమె గొంతునిచ్చారు. వార్నర్ సంస్థ కార్టూన్లలో ట్వీటీ అనే పిట్టను పెంచే అవ్వ గొంతు, విచ్ హేజెల్ అనే మంత్రగత్తె గొంతు కూడా ఆమెవే. 1959లో ప్రారంభమైన టెలివిజన్ ధారావాహికలో రాకీ అనే ఎగిరే ఉడుత అమాయకపు మాట ఆమెది. ఆ ఉడుతకు కీడు తలపెట్టే నటాషా అనే గూఢచారిణి నక్కజిత్తుల మాటా ఆమెదే. చూసే పిల్లలకు ఆ ఇద్దరూ ఒక్కరేనన్న ఊహ కలుగలేదు. 1960లో మాటలాడే బొమ్మగా అంగళ్ళకు వచ్చి ఆడపిల్లలను మురిపించిన చాటీ కేథీలో పలికింది ఆమె గొంతు. 1963లో ఒక టెలివిజన్ కథలో టాకీ టీనా అనే బొమ్మ రూపాన పెద్దలను భయపెట్టింది కూడా ఆ గొంతే.

ఇంత ప్రతిభకు తెరమీద దక్కిన స్థానమెంత? వార్నర్ కార్టూన్లలో చాలా కాలం గొంతు విభాగంలో తెరకెక్కిన పేరు మెల్ బ్లాంక్ గారిది ఒక్కటే. ఆయన మహాకళాకారుడు, బగ్స్ బన్నీ మొదలుకొని ఎన్నో పాత్రలకు ప్రాణం పోశారు. వేతనం పెంచమని అడిగితే నిర్మాత నిరాకరించి, దానికి బదులు తెరమీద పేరు వేయడానికి ఒప్పుకొన్నాడని ఆయనే చెప్పుకొన్నారు. న్యాయంగా ఆయనకు దక్కిన ఆ గౌరవం తక్కినవారికి అందలేదు. అవ్వ మాట వినిపించింది గాని, జూన్ ఫోరే పేరు కనిపించలేదు. ఒకరికి జరిగిన న్యాయం అక్కడితో ఆగిపోతే, అదే పక్కవారిపాలిట మరుగు అవుతుందని ఇందువలన తెలుస్తున్నది. ఆమెను మెల్ బ్లాంక్‌కు స్త్రీరూపమని కొందరు మెచ్చుకోబోగా, కాదు, మెల్ బ్లాంకే ఆమెకు పురుషరూపమని దర్శకుడు చక్ జోన్స్ సవరించారట.

1966లో టెలివిజన్‌లో వచ్చిన గ్రించ్ కథాచిత్రంలో సిండీ లూ అనే పసిపిల్ల పలుకు ఆమెదే. అక్కడా పేరు లేదు. ఆ చిత్రంలో ప్రసిద్ధి చెందిన పాటను పాడిన థర్ల్ రావెన్స్‌క్రాఫ్ట్ గారి పేరు కూడా విడిచిపెట్టారు. పాడినది కథకుడు బోరిస్ కార్లాఫ్ అని జనం అనుకొన్నారు. అప్పుడు రచయిత డాక్టర్ స్యూస్ ఊరకుండక, ఆ గాయకుడెవరో తెలుపుతూ పత్రికలవారికి లేఖలు వ్రాశారు. పొరపాటు జరగడం మానవసహజం. దానిని దిద్దుకొన్న వారిని లోకం గుర్తుంచుకొంటుంది.

పేరు తెలిస్తే మాయ చెదిరిపోతుందని, ఉడుత వెనుక నడివయసు స్త్రీ ఉన్నదని తెలిసిన పిల్లవాడు నిరాశ పడతాడని కొందరు వాదిస్తారు. ఈ వాదం మాకు సమ్మతం కాదు. పేర్లు కథ ముగిసిన తరువాత కూడా వేయవచ్చును. తెలిసినందువలన ఆశ్చర్యం పెరుగుతుందే గాని తరగదు. మా అనుభవమొకటి చెబుతాము. ఉర్దూ మాతృభాషగా గల మేము తెలుగు బోధిస్తున్నాము. కొత్త విద్యార్థులు కొందరు గది వెలుపల మా పాఠం విని, లోపలికి వచ్చి మా పేరు తెలుసుకొని, క్షణకాలం కళ్ళు పెద్దవి చేస్తారు. ఆ క్షణంలో పద్యం చెదరలేదు. వారి మనస్సులోని ఒక గోడ కొంత కరిగింది. గొంతును, పేరును ఒకచోట చేర్చి చూపడంలో ఇంత ప్రయోజనమున్నది.

మన తెలుగుదేశంలోనూ ఈ కథ కొత్తది కాదు. 'భక్త ప్రహ్లాద'లో బాలనటిగా మెప్పించిన రోజారమణి గారు, నటి సరిత గారు ఎందరో కథానాయికలకు గొంతు అరువిచ్చారు. 2010లో వచ్చిన 'ఏ మాయ చేసావె' చిత్రంలో కథానాయిక మాట గాయని చిన్మయి గారిది. ముఖాన్ని ఆరాధించిన ప్రేక్షకులలో గొంతు ఎవరిదని విచారించినవారు ఎందరు? రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతులలో డబ్బింగ్ కళాకారులకు స్థానమిచ్చిందంటే అది ఆ అన్యాయాన్ని గుర్తించినందువలననే అని మేము భావిస్తాము.

నేడు ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. ముద్రితమైన గొంతును విని, దానిని అనుకరించి, ఆ మనిషి ఎన్నడూ పలుకని మాటలు పలికించే యంత్రాలు వచ్చాయి. 2023లో అమెరికా నటీనటుల సంఘం చేసిన సమ్మెలో ఇదొక ముఖ్యాంశం. 2024 జూలైలో వీడియో ఆటలకు గొంతునిచ్చేవారు ఇదే భయంతో మళ్ళీ సమ్మెకు దిగారు. పేరున్న గొంతును దొంగిలిస్తే అడిగేవారుంటారు. పేరు లేని గొంతు కంచె లేని చేను వంటిది.

జూన్ ఫోరే నిరాశతో కూర్చోలేదు. బొమ్మల చిత్రాల కళాకారులకు సత్కారం జరగాలన్న ఆమె సంకల్పం నుండి 1972లో ఆనీ బహుమతులు పుట్టాయి. నిడివిగల బొమ్మల చిత్రాలకు ఆస్కార్ బహుమతిలో ప్రత్యేక విభాగం ఉండాలని ఏళ్ళ తరబడి పోరాడారు. 2002లో ఆ బహుమతి మొదటిసారి ప్రదానమైనది. తమకు 2012లో ఎమ్మీ బహుమతి లభించేనాటికి ఆమె వయస్సు 94 సంవత్సరాలు. 2017లో, నూరేళ్ళు నిండడానికి రెండు మాసాలైనా లేని సమయంలో కన్నుమూశారు.

ఇక మన ఇంటి సంగతి. గత వార్షికోత్సవ నాటకంలో తెర వెనుక నుండి రెండు భాషలలోనూ కథ నడిపిన విద్యార్థిని గొంతు సభనంతా నిశ్శబ్దం చేసింది. అచ్చైన కార్యక్రమ పట్టికలో వేషధారుల పేర్లున్నాయి, దీపాలంకరణ చేసినవారి పేర్లున్నాయి, ఆమె పేరు లేదు. ఆ పట్టిక వ్రాసినది మేమే. ఆమె ఏమీ అనలేదు; అందువలననే మాకు నేటికీ సిగ్గుగా ఉన్నది. ఆ పేరును ఇక్కడ ప్రకటించడం సులభమే. కాని అధ్యాపకుని వ్యాసంలో దొరికే పేరు దయ, పట్టికలో అచ్చయ్యే పేరు హక్కు. కనుక ఇకమీదట తెర వెనుక పలికిన ప్రతివారి పేరును, వేషధారుల పేర్లతో సమానమైన అక్షరాలలో, రెండు లిపులలోనూ ముద్రించవలసినదిగా కళాశాల కార్యవర్గానికి సవినయంగా మనవి చేస్తున్నాము. ఇందుకు అయ్యే ఖర్చు ఒక పంక్తి సిరా మాత్రమే.