పింఛను ఇంటికొస్తోంది, నర్సు కూడా రావాలి

పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, కండరాల క్షీణత బాగా ముదిరినవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అంతకుముందు ఇచ్చింది 5,000. ఈ పెంపును మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. అయితే ఆ డబ్బు చేతిలో ఉన్నా, రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికొచ్చి రోగి ఒళ్లు చూసి, మింగుడు చూసి, ఊపిరి చూసి వెళ్లే నర్సు దొరకడం గగనం. మార్కెట్లో దొరకనిదాన్ని పేదవాడు ఏ పింఛనుతో కొనుక్కుంటాడు? మండలానికొక గృహ నర్సింగ్ బృందాన్ని ప్రభుత్వమే నియమించాలి. ఇది దానంగా కాక, ప్రాథమిక వైద్యంలో భాగంగా జరగాలి.

డుషెన్ కండరాల క్షీణత, మోటార్ న్యూరాన్ జబ్బు, పార్కిన్సన్స్, వెన్నెముక కండరాల క్షీణత... వీటికి పేరు పెట్టించుకోవడానికే ఇక్కడివాళ్లు తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో, బెంగళూరు నిమ్హాన్స్‌కో వెళ్లాలి. అక్కడ నిపుణులున్నారు, పరీక్షలున్నాయి. రోగి వారి ముందు ఉండేది ఏడాదికి రెండు మూడు సార్లు. మిగతా రోజులన్నీ నందలూరులోనో, పెనగలూరులోనో, పుల్లంపేటలోనో నులక మంచం మీదే గడుస్తాయి. ఈ జబ్బుల్లో చాలావాటిని పూర్తిగా నయం చేసే మందు లేదు కాబట్టి, ఆయుష్షును, బాధను తేల్చేది చాలావరకు ఇంట్లో జరిగే సేవే.

ఆ సేవ ప్రేమ ఒక్కదానితో అయ్యేది కాదు, నేర్చుకోవలసిన విద్య. కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేదంటే నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబారి పుండు పడుతుంది. మన వేసవిలో చెమటకు పరుపు తడిసిపోయే రోజుల్లో అది మరీ త్వరగా ముదురుతుంది. ఎముక దాకా దిగిన పుండు నుంచి ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి చనిపోయేవారు ఉంటారు. ఎరుపు తిరిగిన రోజే గుర్తుపట్టగలిగితే ఆ చావు తప్పుతుంది. మింగే కండరాలు సన్నగిల్లినవారికి పల్చటి నీళ్లే ఎక్కువ ప్రమాదం. పొలమారి అవి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఎంత చిక్కగా కలిపి పట్టాలి, గడ్డం ఎలా వంచాలి, తిన్నాక ఎంతసేపు కూర్చోబెట్టాలి అన్నవి పక్కన నిలబడి చేయించి నేర్పాల్సిన సంగతులు. పార్కిన్సన్స్ మాత్ర గంట ఆలస్యమైతే ఒళ్లు కొయ్యబారిపోతుంది. డుషెన్ పిల్లలకిచ్చే స్టెరాయిడ్‌ను డబ్బుల్లేక ఉన్నపళంగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అన్నిటికంటే తెలియకుండా పోతున్నది ఊపిరి సంగతి. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, రాత్రి నిద్ర పట్టకపోవడం... ఇవి శ్వాస కండరాలు అలసిపోతున్నాయనడానికి గుర్తులు. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు. చివరికి ఆయాసంతో ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఒట్టి ఆక్సిజన్ ఎక్కువగా పెడితే, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని రోగి స్పృహ కోల్పోవచ్చు. వారికి ముందు కావలసింది గాలిని లోపలికి నెట్టే బైపాప్ యంత్రం. ఈ తేడా 108 అంబులెన్సు సిబ్బందికీ, ఏరియా ఆసుపత్రి అత్యవసర విభాగానికీ కచ్చితంగా తెలిసి ఉండాలి.

ఇంకో అన్యాయం కూడా ఉంది. డుషెన్ జబ్బు దాదాపు మగపిల్లలకే వస్తుంది. మూడు నాలుగేళ్లకే తరచూ పడిపోతూ, తొడల మీద చేతులు ఆన్చి లేచే పిల్లవాడు పన్నెండేళ్లు వచ్చేసరికి చాలాసార్లు కుర్చీకి చేరతాడు. బిడ్డ రాతకు తల్లిని దోషిని చేసే ఇళ్లున్నాయి. సుమారు మూడో వంతు కేసుల్లో తల్లి జన్యువుల్లో ఆ లోపమే ఉండదు. ఉన్నా అది ఆమె చేసిన తప్పు కాదు. మన సీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి వెన్నెముక కండరాల క్షీణత వంటి జబ్బుల ముప్పు పెరుగుతుందన్నది నిజం. ఆ మాట పెళ్లికి ముందు చెప్పాలి, పుట్టిన బిడ్డ మంచం పక్కన కాదు. ఇల్లిల్లూ తిరిగే నర్సు ఉంటే ఈ సంగతులు విప్పి చెప్పేదీ ఆమే.

ప్రస్తుతం ఈ భారమంతా మోస్తున్నది ఇంటి ఆడవాళ్లు. అరటి తోటల్లో కూలి మానుకుని, ఎత్తలేని ఒంటిని ఎత్తి నడుం విరగ్గొట్టుకుంటున్నారు. రాజంపేట, కోడూరు, రాయచోటి ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా ఆడవాళ్లు కువైట్‌కు ఇంటి పనికి వెళ్తున్నారు. అక్కడి ముసలివాళ్లకు తినిపించి, కడిగి, పడుకోబెట్టడం కూడా ఆ పనిలో భాగమే. తిరిగొచ్చినవాళ్ల చేతుల్లో ఆ అనుభవం ఉంది. మూడు నెలలు శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, నర్సు పర్యవేక్షణలో సహాయకులుగా జీతానికి పెట్టుకుంటే ఊరికీ మేలు, వాళ్లకూ ఊళ్లోనే బతుకు.

మనుషులూ లేకపోలేదు. గ్రామాల ఆరోగ్య కేంద్రాల్లో నర్సింగ్ డిగ్రీ చదివిన సిబ్బంది పనిచేస్తున్నారు. 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకంలో మంచాన పడ్డవారి ఇంటికి డాక్టరు వెళ్లాలని రాసే ఉంది. కానీ గర్భిణులు, టీకాలు, బీపీ, షుగరు, వీటన్నిటి యాప్ నమోదులు ఆ కేంద్రంలోని ఒక్క నర్సు నెత్తినే పెట్టి, పుండు కడగడానికి కూడా ఆమే వెళ్లాలంటే జరగదు. ప్రత్యేక బృందం కావాలనడానికి కారణం ఇదే. కేరళ 2008లోనే నయంకాని జబ్బుల బాధ తగ్గించే పాలియేటివ్ సేవల విధానం ప్రకటించి, పంచాయతీల డబ్బుతో నర్సులను ఇళ్లకు పంపుతోంది. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో ఇదే సేవకు వాహనాలు తిరుగుతున్నాయి. పక్కింట్లో సాధ్యమైనది మనకెందుకు సాధ్యం కాదు? మన ఆరోగ్య బీమా పథకం ఆసుపత్రి మంచానికి డబ్బు కడుతుంది, ఇంటి మంచానికి కట్టదు. పుండు ముదిరి శస్త్రచికిత్సకు వచ్చినప్పుడు ఖర్చు పెట్టే ప్రభుత్వం, ఆ పుండు పడకుండా చూసే మనిషికి జీతం ఇవ్వడానికి వెనకాడడంలో అర్థం లేదు.

పింఛన్ల తనిఖీ గురించీ చెప్పి తీరాలి. అనర్హులను ఏరివేయడం తప్పు కాదు. కానీ 2025లో వైకల్య పింఛన్ల పునఃపరిశీలన సాగిన తీరు నిజమైన రోగులను కూడా భయపెట్టింది. కండరాల క్షీణత వెనక్కి తిరిగే జబ్బు కాదు. నిపుణుడు ఒకసారి నిర్ధారించాక మళ్లీ వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి రమ్మనడం, తాత్కాలిక ధ్రువపత్రం ఇవ్వడం వైద్యరీత్యానే అర్థరహితం. పెరుగుతూ పోయే జబ్బులకు శాశ్వత ధ్రువపత్రమే ఇవ్వాలని ఉత్తర్వు రావాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కండరాల క్షీణతను, పార్కిన్సన్స్‌ను, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరు పెట్టి గుర్తించింది. ఎక్కువ ఆసరా కావలసినవారికి సంరక్షకుల భత్యం గురించి 24వ సెక్షన్‌లో చెప్పింది. రాష్ట్రం దాన్ని అమలులోకి తేవాలి. రాజంపేట ఏరియా ఆసుపత్రిలో గాలి పరుపులు, సక్షన్, బైపాప్ యంత్రాలు అరువిచ్చే గది తెరవాలి. యంత్రం మీద బతికే మనిషి ఉన్న ఇళ్ల జాబితా విద్యుత్ కార్యాలయం దగ్గర ఉండాలి. 2021 నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు నడవగలిగినవారికే పరుగు కష్టమైంది. నడవలేనివారిని ముందుగా తరలించడానికి కూడా అదే జాబితా అక్కరకొస్తుంది. 15,000 పింఛను తీసుకుంటున్నవారి పేర్లు, చిరునామాలు గ్రామ సచివాలయాల్లో సిద్ధంగానే ఉన్నాయి. నర్సులకు స్విమ్స్‌లో శిక్షణ ఇప్పించి, మొదటి బృందాన్ని రాజంపేట నుంచే వచ్చే ఎండాకాలం మొదలయ్యేలోపు పంపాలి. ఇందుకు ఎవరు బాధ్యులో జిల్లా కలెక్టరు పేరుతో సహా ప్రకటించాలి.