గోల చేయని కంప్రెసర్

ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవారికి ఎయిర్ కంప్రెసర్ ఎంత అవసరమో, పక్కింటివారికి అంత తలనొప్పి. రంగు చల్లాలన్నా, మూలల్లో దుమ్ము వదిలించాలన్నా, టైర్లలో గాలి నింపాలన్నా అది ఉండాల్సిందే. కానీ 'డడడడ'మంటూ మొదలైందంటే ఉయ్యాల్లో పసిపాప ఉలిక్కిపడి లేస్తుంది! మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. చవకరకం కంప్రెసర్ పక్కన నిల్చుంటే 85-90 దాకా మోత. మరి దీనికి మందేమిటి?

మోత ఎక్కడిది?

గాలి పీల్చుకునే రంధ్రం, టపటపా కొట్టుకునే వాల్వులు, మోటారు, డప్పులా మోగే ట్యాంకు... అన్నీ కలిస్తేనే ఆ గోల. మోటారుకు నేరుగా బిగించిన రకాల్లో చాలావరకు నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతాయి. 1,440 చుట్ల మోటారుతో నడిచేవీ, బెల్టుతో నెమ్మదిగా తిరిగేవీ వాటికన్నా నయం. అందుకే కొనేముందు హార్స్‌పవర్‌తో పాటు ఆర్‌పీఎం కూడా అడగాలి.

ఎంత గాలి కావాలి?

బొమ్మలకు రంగులేసే ఎయిర్‌బ్రష్‌కు నిమిషానికి 20-30 లీటర్ల గాలి చాలు. తలుపులకు రంగు కొట్టే స్ప్రేగన్‌కైతే వంద లీటర్ల పైమాటే. అవసరాన్ని బట్టి యంత్రాన్ని ఎంచుకుంటే సగం గోల అక్కడే తగ్గుతుంది. ట్యాంకు పెద్దదైతే మోటారు మాటిమాటికీ మొదలవదు.

పాత ఫ్రిజ్ నుంచి...

ఫ్రిజ్ కంప్రెసర్ ఉక్కు డొప్పలో, స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. అందుకే అంత నెమ్మది. ఎయిర్‌బ్రష్ పనికి దీన్ని వాడుకునేవారున్నారు. అయితే విప్పేముందు అందులోని గ్యాస్‌ను మెకానిక్‌తోనే తీయించాలి. కొన్నిటిలో ఉండే ఆర్600ఏ మండే వాయువు. గాలితో పాటు నూనె తుంపర్లు వస్తాయి కాబట్టి ఫిల్టరు తప్పదు. ఇంతకుముందు తనను చల్లబరిచిన గ్యాస్ ఇప్పుడు ఉండదు గనుక త్వరగా వేడెక్కుతుంది. మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వాలి.

ఇక ట్యాంకు విషయంలో పొదుపు పనికిరాదు. పీవీసీ గొట్టాలు, పాత గ్యాస్ సిలిండర్లు అస్సలు వద్దు. ఒత్తిడికి పీవీసీ పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. గాలి దాచడానికే తయారైన ట్యాంకు కొనాలి. దానికి సేఫ్టీ వాల్వు, ప్రెషర్ స్విచ్ ఉండాలి. పని అయ్యాక అడుగున చేరిన నీటిని వదిలేయాలి. లేదంటే లోపల్నుంచి తుప్పు తినేస్తుంది.

ఉన్నదానికే ఉపాయాలు

గాలి పీల్చే చోట సైలెన్సర్ ఫిల్టరు బిగించి, కాళ్ల కింద మందపాటి రబ్బరు వేస్తే తేడా తెలుస్తుంది. లోపల గ్లాస్‌వుల్ పరిచిన ప్లైవుడ్ పెట్టె ఇంకా మేలు. కానీ అన్ని వైపులా మూసేస్తే మోటారు మాడుతుంది. గాలి వచ్చే, పోయే దారులు, ఒక ఫ్యాను తప్పనిసరి. విసుగొచ్చి బాల్కనీలోకి నెడితే? మనింట్లో ప్రశాంతమే... ఎదురింట్లోకి మాత్రం మోత తిన్నగా వెళ్తుంది. రాత్రి పదిలోపే ట్యాంకు నింపి మోటారు ఆపేస్తే, ఆపై చిన్నాచితకా పనులు చడీచప్పుడూ లేకుండా కానిచ్చుకోవచ్చు.