‘సెట్ అయిందన్నా’ తర్వాత
పెళ్లి స్టేజీ దగ్గర్నుంచి సౌండ్ ఆపరేటర్ల వాట్సాప్ గ్రూపులోకి వాయిస్ మెసేజ్ వస్తుంది: ‘‘అన్నా, బాక్సుల్లో ఒకటే గుయ్యిమని హమ్, ఏం చెయ్యమంటారు?’’ కేబుల్ మార్చమని ఒకరు, మిక్సర్‌ని వేరే ప్లగ్గులో పెట్టమని ఇంకొకరు. కాసేపటికి ‘‘సెట్ అయిందన్నా, థ్యాంక్స్’’ అని జవాబు. అంతటితో సరి. దేనివల్ల సెట్ అయిందో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. పనివాళ్లు మెళకువలు దాచుకుంటారని నిష్ఠూరమాడతాం గానీ, నన్నడిగితే అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. ఆ హమ్ సంగతే చూడండి: మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. స్టేజీ దగ్గరో ఎర్తు, మిక్సర్ దగ్గర మరో ఎర్తు ఉంటే కేబుల్ షీల్డులో కరెంటు పారి హమ్ రావచ్చు. షీల్డుని చాసిస్‌కి (లోహపు పెట్టెకి) కాకుండా లోపలి బోర్డుకి కలిపిన పరికరంవల్లా రావచ్చు. ఈ రెండో సంగతిని నీల్ మన్సీ అనే ఇంజినీరు 1995లో ‘పిన్ 1 ప్రాబ్లం’గా వివరించి ప్రచురించారు. ఆ తర్వాత పదేళ్లకు, 2005లో, షీల్డుని చాసిస్‌కే కలపాలంటూ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ ఏఈఎస్48 ప్రమాణం తెచ్చింది. ఒకాయన కారణం రాసిపెట్టడానికి ఉన్న విలువ అది. మన దగ్గర కారణం తెలియని కుర్రాడు ఏం చేస్తాడు? ప్లగ్గు ఎర్తు పిన్ను పీకేస్తాడు. హమ్ పోతుంది, మైకు పట్టుకున్న మనిషికి షాకు నుంచి ఉన్న రక్షణా పోతుంది. అందుకే అన్నలారా, ‘సెట్ అయింది’ తర్వాత ఇంకొక్క ముక్క రాయండి: ఏ వైరు తీశారు, ఎక్కడ పెట్టారు.