వంద సిగరెట్ల మర్యాద

పోయిన ఆదివారం మా అక్క కొడుకు దుబాయ్ నుంచి దిగాడు. మూడేళ్ల తర్వాత ఇల్లు చేరిన పిల్లవాడు. కాళ్లు కడుక్కుని, కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని, ముందుగా చెప్పింది సిగరెట్ల కథ. వచ్చేటప్పుడు డ్యూటీ ఫ్రీ షాపులో ఒక కార్టన్ కొన్నాడట. కార్టన్ అంటే పది పెట్టెలు, రెండొందల సిగరెట్లు. ఇక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లు బ్యాగు తెరిపించారు. వంద దాకా ఉచితం, మిగతా వందకు సుంకం కట్టమన్నారు. కట్టబుద్ధి కాక అయిదు పెట్టెలు అక్కడే వదిలేసి వచ్చాడు.

"వదిలేశావా! అయ్యయ్యో!" అంది మా అక్క.

మా బావ పోయింది ఊపిరితిత్తుల జబ్బుతో. ఆఖరి ఏడాది ఆయన దగ్గు వింటూ మేమెవ్వరం నిద్రపోలేదు. ఆ ఇంట్లోనే, ఆ అక్క నోటి నుంచే అయిదు సిగరెట్ పెట్టెలకు అయ్యయ్యో అని వినపడింది. ఆమెను తప్పుపట్టను. డబ్బు పెట్టి కొన్న వస్తువు, పోతే ఎవరికైనా ఉసూరుమంటుంది. "చూశావా మావయ్యా, మనవాళ్లు ఎంత దారుణమో" అన్నాడు వాడు. నిజమేరా అన్నాను. దారుణమే. కాకపోతే వాడు అన్నది పోయిన అయిదు పెట్టెల గురించి, నేను అన్నది దక్కిన అయిదు పెట్టెల గురించి.

ఆ వంద మాత్రం సుంకం లేకుండా ఎందుకు వదలాలి?

లెక్క చూద్దాం. మన బ్యాగేజీ నిబంధనల ప్రకారం విదేశం నుంచి వచ్చేవాడు వంద సిగరెట్లు గానీ, 25 చుట్టలు గానీ, 125 గ్రాముల పొగాకు గానీ పైసా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఒకప్పుడు ఇది రెండొందలు. 2014 జూలైలో అరుణ్ జైట్లీ తన మొదటి బడ్జెట్‌లో దాన్ని సగానికి కోశారు. అదే బడ్జెట్‌లో మామూలు సామాను పరిమితిని 35 వేల నుంచి 45 వేలకు పెంచారు. తర్వాత అది 50 వేలయింది, 2026 ఫిబ్రవరిలో 75 వేలయింది. సిగరెట్ల అంకె మాత్రం పన్నెండేళ్లుగా వంద దగ్గరే పడి ఉంది. ఎంతో ధైర్యంగా సగం కోసిన చెయ్యి మిగతా సగం దగ్గర ఎందుకు ఆగిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు.

ఇదే ఫిబ్రవరి 1 నుంచి దేశంలో తయారయ్యే సిగరెట్ల మీద ఎక్సైజు సుంకం వెయ్యికి 2,050 నుంచి 8,500 రూపాయల దాకా, పొడవును బట్టి, బాదుతున్నారు. దానిమీద 40 శాతం జీఎస్టీ. బాదమనే అంటాను. కానీ చూడండి, మా వీధి చివర బడ్డీకొట్టులో వారం పొడుగునా విడిగా ఒక్కొక్కటే కొనుక్కునే తాపీమేస్త్రీ ప్రతి సిగరెట్టుకూ ఈ పన్ను కడుతున్నాడు. వందకు లెక్కేస్తే పై రేటున ఎక్సైజు ఒక్కటే 850 రూపాయలు. విమానం దిగినవాడు ఆ వందా సూట్‌కేసులో వేసుకుని ఉచితంగా బయటికొస్తాడు. పొగ తాగడం మాన్పించడానికే పన్ను అని చెప్పే సర్కారు, పాస్‌పోర్టు చూపించినవాడికి ఆ మాన్పించడం నుంచి మినహాయింపు ఇచ్చిందన్నమాట. దీన్ని రాయితీ అనడానికి నోరు రాక కాబోలు, అలవెన్సు అని పేరుపెట్టారు. మన భాషలో చెప్పాలంటే ఇది అతిథి మర్యాద. తాంబూలం బదులు సిగరెట్టు.

మర్యాద అక్కడితో ఆగితే బాగుండేది. 2003 పొగాకు చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో పొగ తాగకూడదు. తాగితే 200 రూపాయల దాకా జరిమానా. మంచిదే. కానీ అదే చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ముప్ఫై గదులున్న హోటల్లో, ముప్ఫై మంది కూర్చునే రెస్టారెంట్లో, విమానాశ్రయంలో పొగరాయుళ్ల కోసం విడిగా చోటు పెట్టుకోవచ్చు. బస్టాండు పేరు ఆ జాబితాలో లేదు. అంటే మన చట్టానికి రెండు రకాల ఊపిరితిత్తులు తెలుసు. ఒకటి బస్సెక్కేది, ఒకటి విమానమెక్కేది.

విమానమెక్కేవాళ్లంతా ధనవంతులా అని ఎవరో ఒకరు ఉత్తరం రాస్తారని తెలుసు. కాదు. నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు పోయి ఎండలో ఇటుకలు మోసేవాళ్లు ఉన్నారు. వాళ్ల తరఫునే అడుగుతాను. ఆ మనిషి ఏడాది దాటి అక్కడుండి, ఇంటిదానికో బిడ్డకో ఒక బంగారు గొలుసు తెస్తే ఏమైంది? 2016 బ్యాగేజీ నిబంధనల్లో మగవాడికి సుంకం లేకుండా 20 గ్రాములు అన్నారు గానీ, ధర 50 వేలు దాటకూడదన్నారు. తులం లక్ష దాటాక ఆ 50 వేలకు అర తులమైనా రాలేదు. ఇరవై గ్రాములని కాగితం మీద ఉండేది, చేతికి అయిదు గ్రాములు కూడా దక్కేవి కావు. 2026 ఫిబ్రవరిలో ఆ ధర పరిమితి ఎత్తేశారు, సంతోషం. అన్నాళ్లూ భార్య మెడలోకి తెచ్చేది తూకమేసి, ధర కట్టి, పైదానికి సుంకం అడిగారు. సిగరెట్లు మాత్రం వందకు వంద చెల్లాయి. బంగారానికి ధర చూశారు, పొగకు చూడలేదు.

వేరే దేశాలు ఏం చేస్తున్నాయంటారా? సింగపూర్‌లో సున్నా. ఒక్క సిగరెట్టుకైనా సుంకం కట్టాల్సిందే. హాంకాంగ్‌లో పందొమ్మిది. పెట్టెలో ఉండేవి ఇరవై కదా, ఆ పందొమ్మిది అనే అంకె పెట్టినవాడెవడో గాని గొప్ప హాస్యప్రియుడు. ఆస్ట్రేలియాలో 25, దానికి తోడు జేబులో తెరిచిన పెట్టె ఒకటి. అమెరికా, బ్రిటన్ ఇప్పటికీ రెండొందలే ఇస్తున్నాయి కదా అని అడగొచ్చు. ఇస్తున్నాయి. మంచి సంగతులు నేర్చుకోమంటే మనం ఎప్పుడూ ఎదుటివాడి చెడ్డ అలవాటునే చూపిస్తాం.

ఇంకో విచిత్రం. ఈ-సిగరెట్లను 2019లో పూర్తిగా నిషేధించాం. తయారీ, అమ్మకం, దిగుమతి, అన్నీ నేరమే. బ్యాగులో ఒక్కటి దొరికినా లాక్కుంటారు. ఆ పక్క అరలోనే ఉన్న అయిదు పెట్టెల అసలు సిగరెట్లను మాత్రం మర్యాదగా తిరిగి సర్దుకోనిస్తారు. ఇక్కడ అమ్మే పెట్టెకు రెండువైపులా 85 శాతం మేర పుండ్ల బొమ్మలు వేయించాం. సొంతానికని తెచ్చుకునే పెట్టెకు ఆ బొమ్మ అక్కర్లేదు. మావాడు తెచ్చిన పెట్టెలు సెంటు సీసాల డబ్బాల్లా తళతళలాడుతున్నాయి.

ఈ శీర్షిక ఎప్పుడూ చదివేవారికి నేను ఎక్కడికి వెళ్తానో ఈపాటికి తెలిసే ఉంటుంది. అవును, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికే.

మాది ఒంగోలు దగ్గర పల్లె. పొగాకు రెలుపుల కాలంలో, అంటే ఆకు కోతలప్పుడు, మా ఇంట్లో పడుకోవడానికి చోటుండేది కాదు. ఆడవాళ్లు కర్రలకు ఆకు కుట్టేవారు. వాళ్ల వేళ్లకు అంటిన జిగురు ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు, అన్నం చేదయ్యేది. బ్యారన్ అంటించాక అయిదారు రోజులు రాత్రనక పగలనక మంట కాయాలి. థర్మామీటర్ చూసి రమ్మని అర్ధరాత్రి నన్ను లేపేవాడు మా నాన్న. వేడి ఒక్క గీత అటూ ఇటూ అయితే బంగారం రంగులో దిగాల్సిన ఆకు నల్లబడుతుంది. ఏడాది కష్టం ఆ ఒక్క గీత మీద ఉండేది.

ఆ వర్జీనియా పొగాకు రైతుకూ ఒక పరిమితి ఉంది. గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు ఏటా ఆంధ్రలో ఇన్ని మిలియన్ల కిలోలు, కర్ణాటకలో ఇన్ని అని నిర్ణయిస్తుంది. దాన్నిబట్టి బ్యారన్‌కు ఇంత అని పడుతుంది. వానలు అనుకూలించి పంట కాస్త ఎక్కువొస్తే ఆనందించకూడదు, భయపడాలి. పైన పండింది అమ్ముకోవాలంటే జరిమానా. ఒక్కో ఏడు కేంద్రం దయతలచి మాఫీ చేస్తుంది, ఒక్కో ఏడు ఢిల్లీ చుట్టూ తిరగాలి. 2000-01లో ఏకంగా పంట విరామమే ప్రకటించారు. వేలానికి తెచ్చిన బేలును ఎవరూ పాడక నోబిడ్ అయితే దాన్ని మళ్లీ బండికెత్తుకుని ఇంటికి పోవాలి. మావాడికి అయిదు పెట్టెలు పోయాయని ఇల్లంతా ఏడ్చింది గానీ, బేలు వెనక్కి తెచ్చుకున్న రైతుకు అయ్యయ్యో అన్నవాళ్లను నేను ఊళ్లో తప్ప ఎక్కడా చూడలేదు.

బర్లీ రకం పొగాకు సంగతి ఇంకా అన్యాయం. దానికి బోర్డు అదుపూ లేదు, అండా లేదు. 2025లో నల్ల బర్లీ పండించిన పర్చూరు, ఇంకొల్లు వైపు రైతులు కొనేవాడు లేక ఆకును మండెల్లో పెట్టుకుని కూర్చున్నారు. కంపెనీలు వేయమన్నాయని వేశామని వాళ్ల గోడు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను దించి కొనిపించాల్సి వచ్చింది. రాజమండ్రిలో 1947లో పొగాకు పరిశోధనా కేంద్రం పెట్టారు. మంచి ఆకు ఎలా పండించాలో మూడు తరాలకు నేర్పింది. ఇప్పుడు ఆ రైతును అందులోంచి మర్యాదగా బయటికి ఎలా తేవాలో నేర్పేవాళ్లు కావాలి. సెనగ వేయమంటారు, మిరప వేయమంటారు. ధర పడిపోయిన ఏడు వాటికీ మార్క్‌ఫెడ్డే దిక్కు. సిగరెట్టు మీద వచ్చే పన్నులో వందకు ఒక రూపాయి ఈ పనికి కేటాయించమని ఈ శీర్షికలో ఇదివరకే రెండుసార్లు రాశాను. ఇది మూడోసారి.

మన వర్జీనియా ఆకులో ఎక్కువ భాగం విదేశాలకే పోతుంది. మావాడు తెచ్చిన తళతళలాడే పెట్టెలో మా వైపు టంగుటూరు ఆకు ఉందో లేదో నేను చెప్పలేను. ఉంటే మాత్రం దాన్ని పండించినవాడు కిలో ఎక్కువైనందుకు జరిమానా కట్టి ఉండొచ్చు, తెచ్చుకున్నవాడు పైసా కట్టలేదు.

వందే కదా, ఏం మునిగిందని అంటారు. మా బావ కూడా ఒక్కటే కదా అనేవాడు.

ఆర్థిక మంత్రిగారికి నా విన్నపం చిన్నది. కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. నిబంధనల చివర ఉన్న అనుబంధంలో 100 అనే అంకె కొట్టేసి సున్నా రాయించండి. తెచ్చుకునేవాడు తెచ్చుకుంటాడు, బడ్డీకొట్టు దగ్గర తాపీమేస్త్రీ కట్టినట్టే సుంకం కడతాడు.

ఇది రాస్తుండగా మా అక్క ఫోన్ చేసింది. ఆదివారం అయిదు ఉండేవి కదా, బీరువా మీద ఇప్పుడు రెండు పెట్టెలే ఉన్నాయట.