మా పంచె ముద్దు, మా మాట కామెడీ

ముందే చెప్పేస్తున్నాను, నేను విమర్శకుణ్ణి కాను. టికెట్ కొనుక్కుని చూసేవాణ్ణి. నాటకం దొరికితే నాటకం, దొరక్కపోతే సినిమా. పుట్టింది పొందూరు, ఉద్యోగం హైదరాబాదు. కాబట్టి ఈ రాసేదంతా మూడో వరసలోంచో, ఖర్చు భరించగలిగిన రోజున రిక్లైనర్ సీట్లోంచో చూసినవాడి గొడవ మాత్రమే.

ఆమధ్య ఒక మల్టీప్లెక్సులో సినిమా చూస్తున్నాను. పేరు అనవసరం, అది ఆడిన రోజులు కూడా తక్కువే. తెర మీద ఒక ముసలావిడ కొడుకు కోసం ఏడుస్తోంది. "ఎటెల్లిపోనావురా నాయినా, నానేటి సేత్తానురా" అంటోంది. హాల్లో సగం మంది నవ్వారు.

నటన బాగోలేక నవ్వారేమో అనుకున్నాను. కాదు. ఆవిడ బాగానే ఏడ్చింది. విషయం ఏమిటంటే, ఆ సినిమా మొత్తంలో మా శ్రీకాకుళం మాట మాట్లాడింది ఇద్దరే ఇద్దరు. ఈ ముసలావిడ, అంతకు ముందు ఆ ఇంటి వంటవాడు. వంటవాడు గంటసేపు అదే మాటతో నవ్వించి వెళ్ళాడు. ప్రేక్షకులకి ట్రైనింగ్ అక్కడే అయిపోయింది. ఈ యాస చెవిన పడితే నవ్వాలి, అంతే. ఆ తర్వాత ఆవిడ గుండెలు బాదుకుంటే ఏం లాభం? వాళ్ళ నోళ్ళు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి.

నవ్విన వాళ్ళని నేను పెద్దగా తప్పుపట్టను. వాళ్ళకి అలా అలవాటు చేసినవాళ్ళతోనే నా పేచీ.

"ఏమిటి" అన్న మాట ఉంది కదా. దాన్ని కాస్త వేగంగా అంటే మీ నోట్లో "ఏంటి" అయింది, మా నోట్లో "ఏటి" అయింది. రెండూ ఒకే తల్లి పిల్లలు. తేడా ఒక్క సున్నా. సున్నా ఉంటే హీరో, సున్నా లేకపోతే వాచ్‌మన్. "వేగిరం" అంటే గ్రాంథికం, పద్యాల్లో గౌరవం. "బేగి రా" అంటే పక్కవాడు మోచేత్తో పొడిచి నవ్వుతాడు. "చేసేశాను" అంటే మామూలు మాట, "సేసీసినాను" అంటే జోకు. ఇందులో హాస్యం ఎక్కడుందో నాకెవరైనా వ్యాకరణ సహితంగా వివరించండి. మాటలో లేదు. ఆ మాట్లాడేవాడి చేతిలో చీపురో, గేటు తాళమో పెట్టి చూపించిన అలవాటులో ఉంది.

ఇక పంచె సంగతి.

పొందూరు అనగానే మీలో చాలామందికి తట్టేది ఖద్దరు. గాంధీ మెచ్చిన ఖద్దరు, నూరో నంబరు నూలు, ఉంగరంలోంచి దూరే పంచె వగైరా. మంచిదే. అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు పంచె కట్టేవారని మా ఊళ్ళో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆంధ్ర ఫైన్ ఖాదీ సంఘం 1949 నుంచీ ఉంది. మంత్రులొస్తారు, ఫొటోలు దిగుతారు, రాట్నం తిప్పుతున్నట్టు కూర్చుంటారు. దారం తెగుతుంది, పక్కనున్న ముసలమ్మ అతికి ఇస్తుంది.

ఆ ముసలమ్మల్లో మా అమ్మ ఒకరు. కొండపత్తి తెచ్చి, వాలుగ చేప దవడ ఎముక తీసుకుని, ఆ సన్నటి పళ్ళతో పత్తిని దువ్వుతుంది. దువ్వెన కాదు, యంత్రం కాదు, చేప దవడ. మరే పనిముట్టు తోటీ ఆ పత్తి అంత మెత్తగా లొంగదు. తర్వాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, రాట్నం మీద వడకాలి, చిలపలు చుట్టాలి. ఇన్ని చేస్తే అది నూలు. ఇంకా బట్ట కాదు. బట్ట నేసేవాళ్ళు వేరే. ఈ పని చేస్తున్నంతసేపూ ఆడవాళ్ళు మాట్లాడుకుంటూనే ఉంటారు. ఎవరింట్లో పెళ్ళి, ఎవరి కోడలు అలిగింది, ఎవరి గుంటడు మద్రాసు పారిపోయాడు. ఆ నూలు ఆ మాటల మధ్యనే వడుకుతారు. మీరు బీరువాలో దాచుకునే ఆ తెల్ల పంచె పోగుపోగూ "ఏటే", "ఓలమ్మా", "ఒగ్గీవే" వింటూ పుట్టింది.

తెర మీద అదే పంచె చూడండి. ఊరి పెద్ద కడతాడు. న్యాయం చెప్పే తాతగారు కడతాడు. పండగ పాటలో హీరో కడతాడు, స్లో మోషన్లో మడిచి ఎగ్గడతాడు, హాలు ఈలలతో ఊగిపోతుంది. పంచె ఉన్నచోట మా మాట ఉండదు. మా మాట ఉన్నచోట పంచె ఉండదు, మాసిన లుంగీ ఉంటుంది. ఈ రెండూ ఒకే ఊళ్ళో పుట్టాయని, ఒకే మనిషివని తెలుగు సినిమాకి ఇన్నేళ్ళలో తోచలేదా?

ఈ మాట అనగానే మిత్రులు "తండేల్ చూళ్ళేదా?" అంటారు. చూశాను. 2025 ఫిబ్రవరిలో, మొదటి వారంలోనే. అది మా జిల్లా జాలర్ల కథ. 2018 నవంబరులో గుజరాత్ తీరాన్నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో ఇల్లు చేరిన మనుషుల నుంచి పుట్టిన కథ. అందులో హీరో నాగచైతన్య. తాతగారు మా పంచె కట్టారు, మనవడు మా మాట కట్టుకున్నాడు. నాకు నిజంగానే సరదా వేసింది. మనిషి కష్టపడ్డాడు కూడా. నా చెవికి కొన్నిచోట్ల జారింది, చాలాచోట్ల పట్టింది.

కానీ దాని చుట్టూ జరిగిన హడావుడి చూశారా? "సిక్కోలు యాస నేర్చుకున్నాడు" అని ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న తీరు, ఒకప్పుడు సిక్స్‌ప్యాక్ పెంచాడని చెప్పుకున్నట్టే ఉంది. నెలల శిక్షణ, కఠోర శ్రమ. మా అమ్మ ఏ శిక్షణా లేకుండా డెబ్బై ఏళ్ళుగా మాట్లాడుతోంది, ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యలేదు. ఎగతాళి పోయి అలంకారం వచ్చింది. మేకప్ లాంటిది, ప్యాకప్ చెప్పగానే కడిగేసుకోవచ్చు. ఎగతాళి కన్నా మేలే, కాదనను. కానీ మర్యాద అంటే ఇది కాదు.

నన్నడిగితే "పలాస 1978" మేలు. 2020లో వచ్చింది, కరుణకుమార్ తీశాడు. పెద్ద స్టార్లు లేరు. సినిమాగా దానికి లోపాలున్నాయి, హింస నాకు ఎక్కువైంది. అయినా అందులో మంచివాడూ చెడ్డవాడూ, ప్రేమించేవాడూ చంపేవాడూ అందరూ ఆ మాటే మాట్లాడారు. అందరూ మాట్లాడితే అది యాస కాదు, భాష. ఒక్కడి చేతే మాట్లాడిస్తే జోకు. ఇంత చిన్న సంగతి పట్టుకోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

సాహిత్యం వాళ్ళూ, మీరు మరీ నిశ్చింతగా కూర్చోకండి. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడారు. తెలుగు నాటకం నోరు విప్పి మాట్లాడింది అక్కడే, మా పక్క ఊళ్ళోనే అని మేం కాలరెగరేస్తాం. సరే. కానీ ఆ నాటకంలో మాట ఎక్కువ భాగం బ్రాహ్మణ ఇళ్ళది. మా వీధి మాట మాట్లాడేది లుబ్ధావధాన్లు ఇంటి పనివాడు అసిరిగాడు. మహానుభావుడు గురజాడకి కూడా మా వాడు పనివాడుగానే తగిలాడు. అయితే ఒకటి. ఆ నాటకం మనల్ని నవ్వించేది అసిరి యాస మీద కాదు, గిరీశం ఇంగ్లీషు మీద, పంతుళ్ళ పస మీద. ఎవరిని చూసి నవ్వాలో గురజాడకి తెలుసు. 1909లో ఆయన తిరగరాసి అచ్చేశాక అరవై ఏళ్ళు తిరక్కుండానే, మా జిల్లా మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు "యజ్ఞం" రాశారు. అందులో అప్పల్రాముడు పంచాయితీ మధ్యలో నిలబడి మాట్లాడతాడు. ఆ మాటకి ఎవరైనా నవ్వారా? ఇవాళ్టికీ చదివితే గొంతు పట్టేస్తుంది. అసిరి నుంచి అప్పల్రాముడి దాకా కథ నడిచి వచ్చింది. సినిమా మాత్రం అసిరి దగ్గరే కుర్చీ వేసుక్కూర్చుంది. పరిషత్తు నాటికలు మరీ అన్యాయం. న్యాయనిర్ణేతలు ముందు వరసలో కూర్చుని ఉంటే, పనిమనిషి పాత్ర మా మాటతో స్టేజీ ఎక్కి, చప్పట్లు కొట్టించుకుని, టీ గ్లాసులు తీసుకుని దిగిపోతుంది. కథ మొదలయ్యేది ఆమె దిగిపోయాకే.

తెలంగాణ మిత్రులకి ఇదంతా పాత పాటే. వాళ్ళ మాట కూడా దశాబ్దాలపాటు రౌడీలకీ కమెడియన్లకీ రాసిచ్చారు. "ఫిదా"లో కథానాయిక ఆ మాటతో దబాయిస్తే అందరూ ముచ్చటపడ్డారు, అది 2017. "బలగం" చూసి ఏడ్చారు, 2023. కానీ ఆ మధ్యలో ఒక రాష్ట్రం రావలసి వచ్చింది. ఒక మాటని మాటలా వినడానికి ఉద్యమం అవసరమైతే, ఆ అవమానం ఎంత లోతుదో మీరే లెక్కేసుకోండి. మేం రాష్ట్రం అడగట్లేదు బాబూ. ఒక్క లాయరు పాత్ర ఇవ్వండి. ఒక్క డాక్టరు. ఫ్లైటులో కూర్చుని ఫోన్లో "బేగి వచ్చీ" అని ప్రేమగా చెప్పే ఒక్క అమ్మాయి.

"ఉన్నదే కదా చూపిస్తున్నారు, హైదరాబాదు అపార్టుమెంట్లలో వాచ్‌మన్లు మీ జిల్లా వాళ్ళే కదా" అని ఒకాయన నాతో వాదించాడు. నిజమే. చాలామంది మావాళ్ళే. భూమి చాలక, వానలు చాలక, ఉంటే ఉపాధి చాలక రైలెక్కి వచ్చినవాళ్ళు. అయితే ఆ రైల్లో నేనూ వచ్చాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, నర్సులు, లెక్చరర్లు అందరూ ఆ పొందూరు స్టేషన్లోనో, ఆమదాలవలసలోనో ఎక్కినవాళ్ళే. తేడా ఏమిటంటే మేం దిగేలోపు మాట మార్చేసుకున్నాం. వాచ్‌మన్ మార్చుకోలేదు. అంచేత మీకు వినబడింది అతనొక్కడే.

మా అమ్మ రెండేళ్ళ క్రితం మా ఇంటికొచ్చి మూడు నెలలుంది. వచ్చిన రెండోరోజే కింద వాచ్‌మన్‌ది రాజాం పక్కన ఏదో ఊరని కనిపెట్టేసింది. సాయంత్రమైతే కిందికెళ్ళి అతని భార్యతో కబుర్లు. నాతో ఎన్నడూ అంతసేపు మాట్లాడలేదు. ఒకరోజు అన్నాలు తింటుంటే మా అమ్మాయి, ఎనిమిదేళ్ళది, ఏ దురుద్దేశమూ లేకుండా, "నానమ్మా, నువ్వు సినిమాలో కామెడీ వాళ్ళలా భలే మాట్లాడతావు" అంది.

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. అదే నేను చేసిన పని, నవ్వడం. మర్నాటి నుంచి ఎవరైనా ఇంటికొస్తే అమ్మ మాట్లాడ్డం తగ్గించింది. ఒకసారి మా పక్కింటావిడతో "ఏటి" అనబోయి, ఆగి, నా వైపు చూసి, "ఏంటి" అంది. డెబ్బై ఏళ్ళ మనిషి ఒక సున్నా కోసం నా మొహం వైపు చూసింది. ఆ రోజు నుంచి నాకు సినిమాల్లో ఆ కామెడీ ట్రాకులు పడవు. ఇంతకు మించి సిద్ధాంతం ఏమీ లేదు నా దగ్గర.

మావాళ్ళని కూడా వదలను. శ్రీకాకుళం హాళ్ళలో ఆ వాచ్‌మన్ జోకులకి అందరికన్నా గట్టిగా నవ్వేది మేమే. మా బళ్ళో "అలగ కాదురా, అలా" అని వెయ్యిసార్లు దిద్దిన మాస్టారూ మావాడే. ఇప్పుడు రీల్సులో కుర్రాళ్ళు చీర చుట్టుకుని, నెత్తిన తువ్వాలేసుకుని మా అమ్మల్ని అనుకరిస్తుంటే లక్షల వ్యూలు. కొందరు బాగా చేస్తారు, నేనూ చూస్తాను. కానీ అదే కుర్రాడు "హాయ్ గైస్, వెల్కమ్ బ్యాక్" అన్నప్పుడు ఏ మాట వాడుతున్నాడో గమనించండి. యాస పాత్రకి, ప్రామాణికం తనకి.

నా సంగతి చూసుకోండి మరి. ఇదంతా నేను ఏ మాటలో రాస్తున్నాను? ఎక్కడో కోట్ల మధ్య రెండు ముక్కలు తప్ప మొత్తం మీ సున్నా పెట్టిన తెలుగే. మా మాటలో రాసి పంపితే సంపాదకులు వేసుకునేవారేమో, నాకు తెలీదు, ఎందుకంటే నాకు రాయడం రాలేదు. మొదటి పేరా ప్రయత్నించాను. మూడు వాక్యాలు కాగానే నేనే కామెడీ చేస్తున్నట్టు అనిపించి కొట్టేశాను.

తండేల్ రెండోసారి శ్రీకాకుళంలో చూశాను, అమ్మతో. ఆవిడ సినిమాహాలుకి వచ్చి పదేళ్ళు దాటింది. ఇంటర్వెల్లో సమోసా తింది, బాగోలేదంది. సినిమా అయ్యాక బస్టాండు దాకా నడుస్తుంటే, "ఎలగుందే?" అని అడిగాను.

"బాగుంది. ఆ గుంటడు నాగేస్సర్రావు మనవడేటి? మన మాట బాగానే నేర్సుకున్నాడు" అంది. పది అడుగులు నడిచాక, "ఎన్నాళ్ళు నేర్సుకున్నాడంట?"

"నెలలే అంటన్నారు."

"నీకెన్నాళ్ళు పట్టింది, మర్సిపోడానికి?"

పొందూరు బస్సు కదలబోతోంది. చెయ్యిపట్టి ఎక్కించాను. కిటికీ పక్క సీటు కావాలంది.